ఏడో ప్రశ్నలో దిగబడ్డ బండి

పరీక్ష తప్పినవాళ్లను మీరు బోలెడుమందిని చూసి ఉంటారు. చదవక తప్పినవాళ్లు, చదివింది మరిచిపోయి తప్పినవాళ్లు, సరిగ్గా ఆవేళకే జ్వరం తెచ్చుకొని తప్పినవాళ్లు. నేను వీళ్లెవరిలోనూ చేరను. పుస్తకం మొత్తం కంఠతా పట్టి, జవాబులన్నీ నాలుక చివర పెట్టుకొని, రాయిలాంటి ఒంటితో వెళ్లి, చక్కటి గుండ్రటి అక్షరాలతో నా కొంప నేనే ముంచుకున్నాను. ఆ ముంచుకోవడం ఎంత పద్ధతిగా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పటి ఆ ఇరవైరెండేళ్ల ఖాసింగాణ్ణి తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక మాత్రం కాసేపు ఏమీ తోచదు. ఆ సంగతి తరువాత.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. పెట్రోలు దొరికేది కాదు. గద్వాల నుంచి అలంపూర్ దాకా తిరిగే మా బస్సు బొగ్గులమీద నడిచేది. వెనకాల ఒక పెద్ద ఇనుప పీపా. అందులో బొగ్గులు రాజేసి, పక్కనున్న పిడి పట్టుకొని గిరగిరా తిప్పుతూ గాలి ఊదితే, అరగంటకో ముప్పావుగంటకో దానికి మనసు కరిగి బండి కదిలేది. ఆ పిడి తిప్పే ఉద్యోగం నాది. పొద్దున ఇంటినుంచి మనిషిలా బయలుదేరి, బస్సు కదిలే వేళకు బాణలి అడుగులా తయారయ్యేవాణ్ణి. బండి నడపడం నాకు బాగానే వచ్చు. మా డ్రైవరు రాములు ఉస్తాద్ బాట ఖాళీగా కనబడితే స్టీరింగు నా చేతికిచ్చి, తాను పక్కకు జరిగి బీడీ వెలిగించేవాడు. నా దగ్గర లేనిదల్లా లైసెన్సు.

లైసెన్సు లేకపోతే మాత్రం బతకలేమా అంటారేమో. బతకొచ్చు. కాని నా పెళ్లి డ్రైవరుగా జరిగింది.

సంబంధం మాట్లాడిన మా మేనత్త "పిల్లగాడు బస్సు మీద పనిజేస్తడు" అనడానికి బదులు "బస్సు నడుపుతడు" అని వచ్చింది. ఒక్క మాట తేడా. ఆడపిల్లవాళ్లది అలంపూర్ దాటి నాలుగు మైళ్లు పోతే నది ఒడ్డున ఉండే ఇసుకరేవుల. మావీ, వాళ్లవీ దూది ఏకే ఇళ్లే. పేర్లు ముసల్మాను పేర్లు, నమాజు, రోజా అన్నీ ఉన్నాయి, మాట మాత్రం అచ్చంగా తెలుగు. మా మామ పెంటుసాబ్ పరుపులు కుట్టడంలో పేరున్నవాడు. ఆయన దూదితోపాటు "మా అల్లుడు డ్రైవరు" అన్న మాటను కూడా ఏకి ఏకి ఊరంతా ఎగరేశాడు. నేను కాదనలేదు. పెళ్లికొడుకు అంతమందిలో లేచి నిలబడి "అయ్యా, నేను బొగ్గులు ఊదేవాణ్ణి" అని ఎట్లా చెబుతాడు? రేపోమాపో లైసెన్సు రాకపోతుందా, అబద్ధం దానంతటదే నిజమైపోదా అనుకున్నాను.

నా భార్య ఇమాంబీ గద్వాలకు కాపురానికి వచ్చిన మొదటిరోజే అసలు సంగతి కనిపెట్టింది. నా బనీను ఉతకబోయి, నీళ్లు నల్లగా కావడం చూసి, "డ్రైవర్లకు మసి ముంగట అంటుతదా, ఎనక అంటుతదా?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను. ఆమె బనీను మళ్లీ నానబెట్టింది. పుట్టింటికి మాత్రం ఆ సంగతి మోయలేదు. అట్లాంటి మనిషి.

తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లింది. కాన్పయిన కబురు చెప్పడానికి మామ స్వయంగా గద్వాల వచ్చాడు. తెల్లటి ధోవతి, తలకు రుమాలు, చేతిలో బెల్లం మూట. తిన్నగా బస్సు దగ్గరికి వచ్చి, పీపా దగ్గర పిడి తిప్పుతున్న నన్నే పిలిచాడు.

"ఓ తమ్మీ, ఈ బస్సు డ్రైవరు ఖాసిం ఏడున్నడు?"

నాకు భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"నేనే మామా."

"నువ్వెవరు?"

"ఖాసింను మామా. మీ అల్లుణ్ణి."

మామ నన్ను కిందినుంచి మీదికి, మీదినుంచి కిందికి చూశాడు. నా కళ్లు, పళ్లు తప్ప ఆయనకు తెలిసిన వస్తువేదీ కనబడి ఉండదు.

"డ్రైవరు ముంగట కూసుంటడు గద? ఎనక నువ్వేం జేస్తున్నవ్?"

"బొగ్గులు ఊదుతున్న మామా."

"ఎన్ని దినాలు ఊదుతవ్?"

"లైసెన్సు వచ్చేదాంక."

"అయితే లైసెన్సు వచ్చినంకనే నా బిడ్డ వస్తది. ఊరందరికీ డ్రైవరు, డ్రైవరు అని చెప్పుకున్న. ఇప్పుడు నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా వెళ్లాక వచ్చిన పని గుర్తుకొచ్చినట్టుంది, అక్కడే నిలబడి గొంతెత్తి అరిచాడు.

"ఆడపిల్ల పుట్టింది!"

బెల్లం మూట మాత్రం తిరిగి తీసుకుపోయాడు.

నలభయ్యో రోజు స్నానానికి మాత్రం పిలిచారు, లోకం కోసం. వెళ్లాను. ఎంత తోముకున్నా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. నా వేలిని బిడ్డ గుప్పిటతో పట్టుకుంది. వదల్లేదు. ఇమాంబీ తలుపు చాటున నిలబడి, "తొందరగ డ్రైవరువయి రా" అంది. అంతే. ఆ తరువాత మూడునెలలకు పైగా వాళ్లను చూడలేదు. రోజూ బస్సు అలంపూర్‌లో గంటసేపు ఆగేది. ఉస్తాద్ అన్నం తిని కునుకు తీసేవాడు. నేను బస్సు మెట్టుమీద కూర్చొని, ఇసుకరేవుల వైపు పోయే బాటను చూస్తూ ఉండేవాణ్ణి. నాలుగంటే నాలుగు మైళ్లు. నడిస్తే గంటన్నర. ఆ గంటన్నర మా మామ మాటవల్ల సముద్రమంత అయి కూర్చుంది.

అప్పుడొచ్చింది పరీక్ష కబురు.

అంతకుముందు లైసెన్సు అంటే పాలమూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, నాలుగు ప్రశ్నలు నోటితో అడిగి, బండి కాస్త నడిపించి చూసి ఇచ్చేవారు. ఇప్పుడొచ్చిన కొత్త ఇన్‌స్పెక్టరుకు అదంతా నచ్చలేదట. నోటి మాట గాలికి పోతుంది, కాగితం మీద రాయండి అన్నాడట. వనపర్తి బడిలో పరీక్ష. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. పన్నెండు ప్రశ్నలు, ఒక గంట. పన్నెండులో ఎనిమిదైనా రాస్తే అదే రోజు బండి నడిపించి చూసి లైసెన్సు ఇస్తారు.

రాములు ఉస్తాద్ నన్ను కూర్చోబెట్టుకొని పాఠం చెప్పాడు.

"గంటల పన్నెండు ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి ఎంతరా?"

"అయిదు నిమిషాలు ఉస్తాద్."

"మన బస్సు అనుకో. అన్ని ఊర్లల్ల ఆగాలె, జనాన్ని ఎక్కించుకోవాలె, కదలాలె. ఒక్క ఊర్లనే దిగి చాయ్ తాగుకుంట కూసున్నవనుకో, మిగిలిన ఊర్లోళ్లు ఎదురుజూసి, నిన్నూ నన్నూ తిట్టుకుంట ఇండ్లకు పోతరు. సమజైందా?"

"అయింది ఉస్తాద్."

"తెల్వని ప్రశ్న వస్తే?"

"ఇడిసిపెట్టి ముంగటికి పోవాలె."

"తెలిసింది వస్తే?"

"రాయాలె."

"ఎంతసేపు?"

"అయిదు నిమిషాలు."

"శభాష్. నువ్వు పాసైనట్టే పో."

చూడండి మా తెలివి. తెలియని ప్రశ్నతోనే ముప్పు అనుకున్నాం ఇద్దరమూ. మరీ బాగా తెలిసిన ప్రశ్న ఒకటి వస్తే మనిషి గతి ఏమవుతుందో ఉస్తాద్‌కూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

పదిరోజులు పీపా పక్కనే చదివాను. బొగ్గులు రాజుకునేలోపు మూడు జవాబులు గట్టిగా అప్పజెప్పేవాణ్ణి. బ్రేకు ఫెయిలైతే ఏం చేయాలి, ఎదురుగా గుర్రబ్బండి వస్తే ఏ పక్కకు తీయాలి, చెయ్యి ఎట్లా చాపితే ఆగుతున్నట్టు, ఎట్లా ఊపితే తిరుగుతున్నట్టు. బస్సెక్కడానికి వచ్చిన ముసలమ్మలు నేను ఒక్కణ్ణే చేతులు ఊపుతూ మాట్లాడుకోవడం చూసి, "పెండ్లాం పుట్టింట్ల ఉన్నదంట పాపం" అని జాలిపడి ఎక్కేవారు. వాళ్లది పూర్తిగా తప్పని కూడా చెప్పలేను.

పరీక్షనాడు ఉతికిన చొక్కా వేసుకొని రైలెక్కాను. కృష్ణ వంతెన దాటుతున్నప్పుడు పన్నెండు రకాల ప్రశ్నలకూ జవాబులు మరోసారి తలచుకున్నాను. ఒక్కటీ తడబడలేదు. వనపర్తి రోడ్డులో దిగి, ఊరికి పోయే బస్సెక్కి, డ్రైవరు గేర్లు మార్చడంలో చేసిన తప్పులు కూడా లెక్కపెట్టాను. అంత పొగరుమీద ఉన్నాను.

బడిగదిలో మేం పన్నెండుమందిమి. పిల్లలు కూర్చునే పొట్టి బెంచీలు కావడంతో మా మోకాళ్లు గడ్డాలకు తగులుతున్నాయి. ఇన్‌స్పెక్టరు ఎత్తైన మనిషి, షేర్వాణీ, బంగారు ఫ్రేము కళ్లద్దాలు. కుర్చీలో కూర్చుంటే కుర్చీకే భయం వేసేటట్టున్నాడు. ఆయన పక్కన ఒక ముసలి మున్షీ, చేతిలో ఇత్తడి గంట. పావుగంటకొకసారి గంట కొడతాను, నాలుగోసారి కొడితే కలాలు కింద పెట్టాలి అని మున్షీ రెండు భాషల్లోనూ చెప్పాడు.

కాగితం అందుకొని పన్నెండూ చదివాను. అన్నీ వచ్చు! ఒళ్లంతా గాల్లో తేలినట్టయింది. మొదటిది బ్రేకులు. రెండోది దీపాలు. మూడోది సైగలు. అట్లా దిగుతూ ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చాను.

"మీకు బాగా తెలిసిన ఒక బాటను గురించి వ్రాయండి. ఎక్కడ మలుపులున్నవి, ఎక్కడ హారన్ కొట్టవలెను, ఎక్కడ నెమ్మదిగా పోవలెను."

ఇక్కడ నా బుర్ర ఎట్లా పనిచేసిందో చూడండి. ఇది రెండు నిమిషాల పని, ముందు దీన్ని ముగించేద్దాం, మిగిలిన మూడు నిమిషాలు కష్టమైనదానికి కలుపుకుందాం అనుకున్నాను. టైము ఆదా చేద్దామని! ఇంత ముందుచూపున్న మనిషి పాలమూరు జిల్లాలో ఇంకొకడు ఉండి ఉండడు.

మొదలుపెట్టాను. వీధిబడిలో నేర్చిన తెలుగు కదా, కలం పట్టుకోగానే నా మాట పట్టుపంచె కట్టుకునేది.

"గద్వాల కోట ముందునుండి బస్సు బయలుదేరును. అచ్చట జనము ఎక్కువ గనుక హారను కొట్టవలెను. నేతగాండ్లు బాట పొడవున నూలు సాగదీసి యుందురు. నూలు తెగకుండ మెల్లగా పోవలెను. తదుపరి నల్లరేగడి భూమి. వాన కురిసినచో చక్రములు దిగబడును. కురవనిచో దుమ్ము లేచి బాట కనపడదు. రెండింటికిని దేవుడే దిక్కు."

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడ ఆపితే ఈ కథే లేదు. కాని బస్సును నల్లరేగట్లో వదిలేసి పోతే ఎట్లా? వాగు దాటించాలి కదా.

"వాగులో నీరు మోకాలు దాటినచో ప్రయాణికులను దింపవలెను. దిగమని గట్టిగా అనరాదు, ముసలివారు కోపగింతురు."

మొదటి గంట మోగింది. నేను వాగులో ఉన్నాను. పరవాలేదు, అవతలి ఒడ్డు ఎక్కగానే బ్రేకుల దగ్గరికి పోదాం అనుకున్నాను. ఒడ్డు ఎక్కాను. ఎక్కితే ముందు చింతలతోపు, తోపు దాటితే గొర్రెలమందలు, మందలు దాటితే రెండు మలుపులు. ఒక్కొక్కటీ కళ్లముందు వచ్చి నిలబడి "నన్ను విడిచిపోతవా?" అంటున్నట్టే ఉంది. రెండో గంట మోగేసరికి అలంపూర్ చేరాను.

"అలంపూరు చేరగానే బస్సు ఆగును" అని రాశాను.

అదిగో, అక్కడ ఆగి ఉండాల్సింది. బస్సు ఆగింది, జవాబు అయిపోయింది, అరగంట మిగిలి ఉంది. అరగంటలో ఆరు ప్రశ్నలు, కాస్త వేగం పెంచితే ఏడూ ఎనిమిదీ. నాకా లెక్క తెలుసు. తెలిసే కలాన్ని పైకెత్తాను. ఎత్తిన కలం రోజూ నేను మెట్టుమీద కూర్చొని చూసే ఆ బాట వైపు తిరిగింది. నేను తిప్పలేదండీ. దానంతటదే తిరిగింది.

"బస్సు ఆగును గాని బాట ఆగదు" అని రాశాను.

ఆ తరువాత బడిగది లేదు, ఇన్‌స్పెక్టరు లేడు, ప్రశ్నలు లేవు. నా భాషకున్న పట్టుపంచె కూడా ఎక్కడో జారిపోయింది.

"అక్కడినుంచి నాలుగు మైళ్లు. ఎడమ దిక్కు జొన్నచేను, చేన్ల మంచె ఉంటది. బాట సన్నగైతది. బస్సు పోదు. అయినా పోవాలె. ఊరి మొదట్ల బాట నడుమ ఒక కుక్క పండుకొని ఉంటది. హారన్ కొట్టినా లేవదు. దాని పేరు రాజా. దిగి, పేరు పెట్టి పిలిస్తె లేస్తది."

మూడో గంట. నేను కుక్కను లేపుతున్నాను.

"ఇంక జర ముంగటికి పోతె దూది ఏకే చప్పుడు వినబడ్తది. ఆ చప్పుడు వినబడ్డదంటె ఇల్లు దగ్గరికొచ్చినట్టు. అక్కడ హారన్ రెండుసార్లే కొట్టాలె. గట్టిగ కొట్టొద్దు. లోపల ఉయ్యాలల బిడ్డ పండుకొని ఉంటది. ఎడమ దిక్కు అరుగు. తలుపు సగం తెరిచి ఉంటది. అక్కడ బస్సు ఆపాలె. ఇంజన్ బంద్ చేయాలె."

అని రాసి, చుక్క పెట్టి, హాయిగా ఊపిరి పీల్చుకొని తలెత్తాను. నాలుగో గంట మోగింది.

మున్షీ కాగితాలు ఏరుకుంటూ నా దగ్గరికి వచ్చి, ముందు వెనక తిప్పి చూసి, "మిగిలింది ఏదయ్యా?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. గుండె జారి ఆ పొట్టి బెంచీ కింద పడింది.

మా ముందే కాగితాలు దిద్దడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరుకు తెలుగు రాదు. తెలుగు కాగితాలు మున్షీ చదివి ఉర్దూలో చెప్పాలి. నా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు ప్రశ్నలనూ నా జవాబులనూ మున్షీయే అటూ ఇటూ తర్జుమా చేశాడు, మీకు మాత్రం అన్నీ తెలుగులోనే చెబుతున్నాను.

"నీ పేరు?"

"ఖాసిం, హుజూర్."

"ముసల్మానువై ఉండి ఉర్దూలో ఎందుకు రాయలేదు?"

"ఉర్దూ నాకు సలాము దాంకనే వస్తది హుజూర్."

"పన్నెండు ప్రశ్నలు ఇచ్చాను. పదకొండు ఎక్కడ?"

"టైము అయిపోయింది హుజూర్."

"టైము అందరికీ ఒకటే ఇచ్చాను."

"నా బాట దూరం హుజూర్."

గది గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు ఒక చూపు చూస్తే నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. "చదువు" అన్నాడు మున్షీతో. నా గుండెకాయను ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కా ఉర్దూలోకి తర్జుమా చేసి, పదకొండుమంది డ్రైవర్ల ముందు వడ్డించినట్టయింది. అలంపూర్ దాకా ఇన్‌స్పెక్టరు తల ఊపుతూ బాగానే విన్నాడు. ఆ తరువాత మొదలైంది.

"బస్సు పోదు అంటావు, అయినా పోవాలె అంటావు. పోని చోటికి బస్సు ఎట్లా పోతుంది?"

"జర మెల్లగ పోతది హుజూర్."

"కుక్క పేరు నాకెందుకు?"

"పేరు తెల్వకపోతె అది లేవదు హుజూర్. యాక్సిడెంటు అయితది."

"అలంపూర్‌లో ఆపి మిగతా ప్రశ్నలు ఎందుకు రాయలేదు?"

"మనసు ఒప్పలే హుజూర్. అంత దూరం వచ్చి..."

మున్షీ చివరి మాటలు చదివాడు. అరుగు, సగం తెరిచిన తలుపు. "ఇంజన్ బంద్ చేయాలె" అని చదివి కాగితం కిందికి దించాడు.

"ఇంజన్ బంద్ చేసి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"దిగుత హుజూర్."

"దిగి?"

గదిలో ఎవరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తీసి రుమాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"బిడ్డకు ఎన్ని నెలలు?"

"అయిదోది నడుస్తుంది హుజూర్."

"ఎన్నిసార్లు చూశావు?"

"ఒక్కసారి."

ఇక లైసెన్సు ఇచ్చేస్తాడనుకుంటున్నారు కదూ? నేనూ అట్లాగే అనుకొని చేతులు కూడా చాపాను. ఆయన ఎర్రసిరాతో కాగితంమీద "ఏడో ప్రశ్నకు పూర్తి మార్కులు" అని రాసి, సంతకం చేసి, దాని కిందనే అంతే అందంగా "ఫెయిల్" అని రాశాడు.

"బాట నీకు తెలుసు. కాని బ్రేకు ఫెయిలైతే ఏం చేస్తావో నాకు చెప్పలేదు. రేపు నీ బస్సులో ఎవరి పెళ్లామో, ఎవరి బిడ్డో కూర్చుంటారు. మూడునెలల తరువాత రా." కాగితాన్ని మడిచి నా చేతికే ఇచ్చాడు. "ఇది నా దగ్గర ఉండవలసింది కాదు."

గద్వాల ఎట్లా చేరానో గుర్తులేదు. ఉస్తాద్ నా ముఖం చూసి కాగితం లాక్కున్నాడు. చదివాడు. మొదట నవ్వాడు, తరువాత దగ్గాడు, చివరికి కళ్లు తుడుచుకున్నాడు.

"ఒక్క ఊర్ల దిగి చాయ్ తాగొద్దు అని చెప్పితి గద బాడ్కావ్!"

"తప్పయింది ఉస్తాద్."

"గిది నా దగ్గర ఉండనీ."

ఇచ్చేశాను. ఆ కాగితాన్ని ఆయన ఏం చేశాడో తరువాత తెలిసింది. అలంపూర్ సంతకు పరుపులు తెచ్చిన మా మామ, బస్సు దగ్గరికి వచ్చి, నావైపు చూడకుండా ఉస్తాద్‌ను అడిగాడట, పరీక్ష ఏమైందని. "గిండ్ల ఉన్నది, సదివించుకో" అని ఉస్తాద్ కాగితం చేతిలో పెట్టాడట. నేను అప్పుడు పీపాలో తల పెట్టి బూడిద తీస్తున్నాను.

ఇసుకరేవులలో చదవడం వచ్చింది బడిపంతులు ఒక్కడికే. మామ అరుగుమీద ఆయన్ని కూర్చోబెట్టి చదివించారట. ముందు ఇంటివాళ్లే విన్నారు. ఊరి బాట గురించి ఏదో సర్కారు కాగితం వచ్చిందని పాకి, కాసేపటికి ఊరు ఊరంతా దిగింది. మంచె ఉన్న జొన్నచేను తనదేనని ఒక రైతు లేచి నిలబడ్డాడట. కుక్క పేరు రాగానే పిల్లలు ఎగిరి గంతేశారట. తమ ఇల్లు ఎందుకు రాయలేదని ఒకావిడ అలిగి వెళ్లిపోయిందట. తలుపు దగ్గరికి వచ్చేసరికి పంతులు గొంతు తగ్గించాడట. ఇవన్నీ ఆ సగం తెరిచిన తలుపు వెనక నిలబడి విన్న మనిషి నాకు చెప్పింది.

నాలుగురోజుల తరువాత మేము అలంపూర్‌లో ఆగి ఉన్నాం. నేను మెట్టుమీద కూర్చొని ఉన్నాను. బాట వైపు నుంచి ఒక ఎడ్లబండి వస్తోంది. బండిలో మా మామ, పక్కన పెట్టె, వెనకాల బిడ్డను ఒళ్లో పెట్టుకొని ఇమాంబీ. నేను లేచి నిలబడ్డాను. ముఖాన మసి ఉందన్న సంగతి కూడా గుర్తులేదు.

మామ దిగి, రుమాలు దులుపుకొని, గొంతు సవరించుకున్నాడు.

"ఫెయిలైనవంట గద అల్లుడా?"

"అయిన మామా."

"ఎందుకు ఫెయిలైనవో పంతులు సదివిండు." ఎద్దు మెడమీద చెయ్యి వేశాడు. "ఊర్ల ఏం చెప్పుకోవాలె అని పరేషాన్ అయితి. చెప్పుకున్న. డ్రైవరు అన్నదాని కంటె గట్టిగనే చెప్పుకున్న."

వంగి సలాం చేయబోయాను. ఆయన భుజం పట్టుకొని ఆపాడు.

"సలాములు తర్వాత. అరుగు ఎడమ దిక్కు అని ఎట్ల రాసినవ్? మా అరుగు కుడి దిక్కు గద?"

"అలంపూర్ నుంచి వస్తె ఎడమనే మామా."

"నేను రోజూ నదికాడికెళ్లి వస్త. నాకు కుడే. సర్కారు కాగితంల తప్పు రాస్తవా? ఇన్‌స్పెక్టరు సంతకం గూడ పెట్టిండు. రేపు ఎవడన్న వచ్చి కుడి దిక్కు అరుగు నీది కాదంటె?"

"బస్సు నది నుంచి రాదు గద మామా!"

"అలంపూర్ నుంచి గూడ మా ఊరికి రాదు. నువ్వే తెచ్చినవ్. తెచ్చినోడివి కుడి దిక్కు ఆపితే ఏం పోతుండె?"

ఉస్తాద్ నిద్రలేచి వచ్చి బస్సు కదిలే వేళయిందని అరిచేదాకా ఆ గొడవ ఆగలేదు. కాగితం మాత్రం మామ తిరిగి ఇవ్వలేదు. "అది మా ఊరిది" అన్నాడు. గోడకు అంటించాడని తరువాత విన్నాను.

గద్వాల దాకా ఇమాంబీ బిడ్డను ఎత్తుకొని కిటికీ పక్కన కూర్చుంది. నల్లరేగడి వచ్చినప్పుడు బాటను చూసింది. వాగు వచ్చినప్పుడు చూసింది. పంతులు చదవగా విన్న కాగితాన్ని ఆమె ఆ బాటమీదే చివరినుంచి మొదటికి చదువుకుంటూ వచ్చిందని నాకు తెలుసు. ఇంటికి చేరి బిడ్డను పడుకోబెట్టాక అంది.

"రెండుసార్లే హారన్ కొట్టాలె అని రాసినవ్."

"బిడ్డ లేస్తదని రాసిన."

"లేస్తె లేస్తుండె. నేను మూడు నెలల సంది ఆ చప్పుడు కోసమే కూసున్న."

మూడునెలల తరువాత నాగర్‌కర్నూల్‌లో మళ్లీ పరీక్ష. అదే ఇన్‌స్పెక్టరు, అదే మున్షీ. ప్రశ్నల వరస మార్చారు, బాట ప్రశ్న మాత్రం పోలేదు. అయిదు నిమిషాలకొకటి చొప్పున పదకొండూ రాసి, అయిదు నిమిషాలు మిగుల్చుకొని, చేతులు కట్టుకొని కూర్చున్నాను. ఇన్‌స్పెక్టరు నా దగ్గరికి నడిచి వచ్చి, కాగితం చూసి, ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టాడు.

"టైముంది కదా. ఇది ఎందుకు రాయలేదు?"

"ఆ ఊర్ల ఇప్పుడు నాకు పని లేదు హుజూర్. మనిషి గద్వాలకొచ్చింది."

మున్షీ తర్జుమా చేసేలోపే ఆయన నవ్వేశాడు. నాలుగు మాటల తెలుగు అప్పటికి వచ్చి ఉంటుంది. ఆ మధ్యాహ్నమే బండి నడిపించి చూసి లైసెన్సు నా చేతిలో పెట్టాడు.

ఆ లైసెన్సుతో ముప్పై ఏళ్లు నడిపాను. బొగ్గుల బస్సు పోయి పెట్రోలు బస్సు వచ్చింది, అది పోయి డీజిలు బస్సు వచ్చింది. ఉస్తాద్ పోయాడు, మామ పోయాడు. తరువాత కృష్ణకు అడ్డంగా డ్యాం కట్టారు. నీళ్లు వెనక్కి తన్ని, ఇసుకరేవుల మునిగింది. అరుగు ఎడమదో కుడిదో తేల్చడానికి ఇప్పుడు వీలులేదు. జొన్నచేను ఉన్నచోట చేపలు తిరుగుతున్నాయి. ఊరి జనం మిట్టమీద కొత్త ఇళ్లు కట్టుకున్నారు. అక్కడికి బ్రహ్మాండమైన తారురోడ్డు ఉంది, బస్సు తిన్నగా పోతుంది. నాకు ఆ రోడ్డుమీద ఒక్క మలుపు కూడా గుర్తుండదు.

ఇమాంబీ పోయి నాలుగేళ్లయింది.

కాబట్టి అందరికీ తెలియజేయునది ఏమనగా, నేను, ఖాసిం అనబడే రిటైర్డు డ్రైవరును, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రతిజ్ఞ చేస్తున్నాను. గంట కొట్టి కాగితాలు లాక్కునే పరీక్షకు ఈ జన్మలో మళ్లీ కూర్చోను. ఒకవేళ పట్టుకెళ్లి కూర్చోబెడితే బ్రేకులు, దీపాలు, సైగలు అన్నీ ముందు రాసేస్తాను. ఆ బాట ప్రశ్న జోలికి మాత్రం పోను. అప్పుడంటే ఇరవైరెండేళ్లవాణ్ణి, చేయి చురుగ్గా ఆడేది, ఒక్క గంటలో ఆమె గుమ్మం దాకా చేరుకున్నాను. ఇప్పుడు మొదలుపెడితే ఎన్ని గంటలిచ్చినా చాలవు.